పచ్చిక మీద మనిషి

రాగిరేకు మీద గీసిన బొమ్మకు మనిషికన్నా ముందే ముసలితనం వస్తుంది. అచ్చు తీసినప్పుడల్లా ఇంతో అంతో అరుగుతుంది. ముందు పోయేవి సన్నగీతలే. పాతికేళ్ల కిందట హాలెండులోని హార్లెమ్ ఊరి ఇసుకదిబ్బల దగ్గర కూర్చుని బొమ్మలు చెక్కే హైబర్ట్ గీసిన రేకుకూ అదే గతి పట్టింది. దారి, కంచె, వంగిన చెట్టు ముతకగీతలు కనుక ఇంకా బతికున్నాయి. దూరంగా పచ్చిక మీద తెల్లబట్ట ఎండకు పరుస్తున్న ఆడమనిషి మాత్రం చిన్న మరకగా మిగిలింది.

ఆమె హైబర్ట్ భార్య మాక్టెల్ట్. కూతురు ఆల్టియెని కన్న వారానికే పోయింది. ఆమెది ఇంకో బొమ్మంటూ లేదు. అమ్మ ఎలా ఉండేదని పిల్ల అడిగినప్పుడల్లా ఆయన ఆ మరకనే చూపించేవాడు.

ఆ రేకుని ఎప్పుడో కొనుక్కున్న వౌటర్ సంతల్లో బొమ్మలు అమ్ముకునేవాడు. ఒకరోజు పొద్దున వచ్చి దాన్ని బల్ల మీద పడేశాడు.

"హైబర్టూ, సంత ముంచుకొస్తోంది. గీతలన్నీ ఉలితో లోతుగా దిద్దెయ్. ఇదేంటి, కాకిరెట్టా? గీకేసి ఓ ఆవుని పెట్టు. ఆవంటే జనం ఎగబడతారు."

"అక్కడ మనిషుందయ్యా."

"ఉందా! నా కళ్లకి ఆనదే. సరే, సాయంత్రానికి కనబడేలా చెయ్. లేదా, ఆవే."

రేకు మీద గీతలు కొరికే ఆమ్లం పొగకి హైబర్ట్ ఛాతీ ఎప్పుడో పాడైంది. వేళ్లు మాట వినడం మానేశాయి. ఒకప్పుడు రేకుకి పూసిన మైనం మీద సూది తేలిగ్గా పరుగెత్తేది. ఉలి అలా కాదు, బలంకొద్దీ తోస్తేగాని కదలదు. చెట్టు దిద్దాడు, కంచె దిద్దాడు. ఆమె దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. వంగినప్పుడు నడుం ఎలా ఉండేది? తల ఎటు వాల్చేది? ఎంత కళ్లు మూసుకున్నా తెల్లటోపీ తప్ప ఏమీ గుర్తురాలేదు. ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఓపిక లేదు.

ఎదురుగా ఆల్టియె తొట్టి మీదికి వంగి, అచ్చుకి కాగితాలు తడుపుతోంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక కాలు వెనక్కి. హైబర్ట్ ఆమెనే చూస్తూ ఉలి తోశాడు.

"ఏంటి నాన్నా, గుడ్లప్పగించి చూస్తున్నావ్? నాకేమన్నా కొమ్ములొచ్చాయా?"

"ఏం లేదమ్మా. నీ పని నువ్వు చేసుకో."

"నా పని తెమిలినట్టే! నడుం పడిపోతోందిక్కడ."

పొద్దు వాలేవేళకి ఆల్టియె రేకుకి సిరా పట్టించి, అచ్చుయంత్రం తిప్పి, తడికాగితం మెల్లగా ఎత్తింది. పచ్చిక మీద మనిషి నల్లగా, స్పష్టంగా కనబడింది. ఆల్టియె వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. అలసిన మొహమంతా విప్పారింది.

"నాన్నా! అమ్మ అచ్చం నాలాగే నిలబడేదా? ఆ చెయ్యి చూడు, ఆ కాలు చూడు! ఇన్నాళ్లూ ఒక్కమాటన్నా చెప్పలేదేం?"

రేకు మీద మాక్టెల్ట్ గీత ఒక్కటీ మిగల్లేదు. ఆఖరిదాన్ని తన చేత్తోనే చెరిపేశాడు.

"అవునమ్మా," అన్నాడు హైబర్ట్. "అచ్చం నీలాగే."