ముందుకు రెండు కొత్తవి

అతను ఎప్పటిలాగే కారు చుట్టూ తిరిగి, ఒక్కో టైరు గాడిలో గోరు పెట్టి చూశాడు. గోరు దిగితేగా! నాలుగూ గుండు గీసినట్టున్నాయి. "ఇంకొన్నాళ్ళు లాగుతాయిలే," అని తనకు తానే సర్దిచెప్పుకుని, అద్దం తుడిచి, టీచర్ల కోసం బయల్దేరాడు.

ఆ ముగ్గురు టీచర్లనీ ఊరవతలి బడికి తీసుకెళ్ళి తీసుకురావడమే ఏళ్ళ తరబడి అతని బతుకు. ఆ వేళ వాన పడుతోంది. బడి దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగకుండా గేటు దాటి జారిపోయింది. ముగ్గురూ కెవ్వుమన్నారు.

"సాయంత్రానికి కొత్త టైర్లు లేకపోతే వేరే బండి చూసుకుంటాం. మాకూ పిల్లలున్నారయ్యా," అంది పెద్ద టీచరు, దిగుతూ. ఈ కిరాయి పోతే ఇల్లు గడవదు.

మధ్యాహ్నం టైర్ల షాపుకి వెళ్ళాడు. ఒక్కణ్ణి వదిలితే ఏ పాత టైరో అంటగట్టించుకుని వస్తాడని భార్య కూడా వెంట వచ్చి కుర్చీలో కూర్చుంది. షాపతను రెండు రకాలు దొర్లించుకొచ్చి పెట్టాడు. చేతిలో ఉన్న డబ్బుకి చవకవైతే నాలుగూ వస్తాయి, పేరున్న కంపెనీవైతే రెండే.

"చవకవే నాలుగూ వేయించుకో అన్నా. రోజువారీ తిరుగుడికి బ్రహ్మాండంగా సరిపోతాయి. నాలుగూ ఒక్కలా పట్టుకుంటాయి."

అతను వినలేదు. ఖరీదైన టైరుని కొత్త బట్టల్ని నిమిరినట్టు నిమురుతున్నాడు. మనిషే అంత. ఇంటికి వీధి గోడ ఒక్కటే రంగు వేయించాడు, పెరటి గోడ ఇప్పటికీ ఇటుకలే. ముందు గదిలో ఫ్యాను పెట్టించాడు, వంటింట్లో ఆవిడ చెమటలు కక్కుతూనే ఉంది. నలుగురికీ కనపడేది బాగుంటే మిగతాది ఎలాగోలా నెట్టుకొస్తుందని అతని నమ్మకం. పాపం, ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది కూడా.

"మంచివే రెండియ్యి. ముందుకు వెయ్యి."

"ముందుకా? రెండే అయితే వెనక్కి వేయించుకోవాలన్నా. వానలో వెనక జారిందంటే బండి ఇక నీ చేతికి రాదు."

"చాల్లేవయ్యా! లాగేవి ముందువి, తిప్పేవి ముందువి. వెనకవి ఊరికే వెంట వస్తాయి, మా ఆవిడలాగా."

షాపతను పగలబడి నవ్వాడు. ఆవిడ మూతి తిప్పింది. "అవును మరి, వెనకున్నవాళ్ళ మొహం ఎవరు చూడొచ్చారు! మారుమాట్లాడకుండా నాలుగూ వేయించండి."

"నీకేం తెలుసు? నువ్వూరుకో."

ఆవిడ ఊరుకుంది. ఊరుకోవడం అలవాటైపోయిన మనిషి.

సాయంత్రం బడి గేటు దగ్గర కారు గీత గీసినట్టు ఆగింది. పెద్ద టీచరు వంగి ముందు టైర్లు చూసి, "ఇదీ బండంటే!" అంది. వెనక్కి వెళ్ళి చూడలేదు. అతను దారి పొడుగునా టైర్ల గొప్పలు చెబుతూనే ఉన్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి హాయిగా అనిపించింది. ఒక్కొక్కరినీ వాళ్ళ ఇళ్ళ దగ్గర దించి, జోరువానలో ఇంటిదారి పట్టాడు.

వంతెన మలుపులో ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకున్నాయి. వెనకవి జారిపోయాయి. కారు గిర్రున తిరిగి, డ్రైవరు కూర్చునే వైపు వంతెన గోడకి కొట్టుకుంది. ఆసుపత్రికి చేరేలోపే అతను పోయాడు.

మర్నాడు ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్ ఆవరణలో ఉన్న కారు దగ్గరికి వెళ్ళింది. ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది, అతని మీద కాదు, తన మీద. షాపులో నలుగురూ చూసినా సరే, గొంతు చించుకుని పోట్లాడి ఉండాల్సింది.

"అక్కా, పద," అన్నాడు తమ్ముడు.

ఆవిడ కదల్లేదు. వంగి ముందు చక్రం మీద చెయ్యి వేసింది. దానికి గీతైనా పడలేదు. కొత్త రబ్బరు మీద ఉండే సన్నటి నూగు ఇంకా అరగకుండా, వేళ్ళకి గుచ్చుకుంటోంది.