వెంట్రుకవాసి వాటం

నేను ఒక రసమట్టాన్ని. అడుగున్నర టేకు కర్ర, రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు, నడుమ వేలెడు గాజు గొట్టం, అందులో పచ్చటి ద్రవం. నన్ను చేసినవాడు గొట్టాన్ని నిండా పోయకుండా కాస్త వదిలేశాడు. ఆ వదిలేసిన చోట ఒక గాలి బుడగ పుట్టింది. నా యావదాస్తీ అదే. బుడగ రెండు నల్ల గీతల మధ్య నిలిస్తే నేల మట్టంగా ఉన్నట్టు, పక్కకి జరిగితే ఆ పక్క ఎత్తుగా ఉన్నట్టు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి మీ మనుషులు మోకాళ్ళ మీద కూలబడి, ఒక కన్ను మూసి, నా కడుపులోకి తొంగి చూస్తారు. ఏళ్ళ తరబడి అలా చూపించుకుని చూపించుకుని అలిసిపోయాను బాబూ.

మొదట నన్ను కొన్నది కాలవ లాకుల దగ్గర పనిచేసే ఒక ఓవర్సీరు. నన్ను గోడ మీద పెట్టేవాడు, వంగి చూసేవాడు, "ఊఁ" అనేవాడు. పనివాళ్ళు వణికిపోయేవారు. కళ్ళజోడు లేనిదే ఆయనకి నా బుడగే కాదు, నేను కూడా కనపడను. ఆ జోడేమో ఇంట్లో గూట్లో ఉండేది. అయినా ఆ "ఊఁ" మీద పదేళ్ళు లాకులు నిలబడ్డాయి. ఉద్యోగం అయిపోయిననాడు, తన ఇంటి అరుగు కట్టిన అబ్బులు మేస్త్రీ చేతిలో నన్ను పెట్టి, "జాగ్రత్తరా, ఇది అబద్ధం చెప్పదు" అన్నాడు. అప్పటికి అది నిజమే.

తర్వాత సామర్లకోటలో ఒక మేడ పనిలో పరంజా మీంచి జారిపడ్డాను. కింద కట్టేసి ఉన్న గేదె వీపు మీద పడి, అక్కణ్ణుంచి ఎగిరి రాతి మీద పడ్డాను. అబ్బులు పరుగున దిగొచ్చి, గాజు పగల్లేదని చూసి, నన్ను ముద్దు పెట్టుకున్నాడు. ఆ కథ ఊరంతా చెప్పాడు. ఆ గేదె ఆనాటి నుంచి తల వంచకుండా మట్టంగా నడిచేదట, వీపు మీద నిండు చెంబు పెడితే చుక్క తొణికేది కాదట. నేను కాదనలేదు. నాకు నోరెక్కడిది?

ఆ సంబరంలో ఆయన చూడనిది ఒకటుంది. నా ఒక కొస తొడుగు సొట్టపోయింది. లోపల గొట్టం వెంట్రుకవాసి ఒరిగింది. ఆ పూట నుంచి ఎంత మట్టమైన నేల మీద పెట్టినా నా బుడగ సొట్ట వైపు వెంట్రుకంత జరిగే ఉంటుంది.

అబ్బులుకి ఒక అలవాటు ఉండేది. సొట్ట కొసని ఎప్పుడూ గుమ్మం వైపుంచి పట్టుకుంటాడు. అప్పుడు బుడగని నడిమికి తేవాలంటే గుమ్మం వైపు నేలని కాస్త దించాల్సిందే. మన ఇళ్ళలో ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు కొట్టి గచ్చు కడుగుతారు కదా, ఆ నీళ్ళు బయటికి పోవడానికి కావలసిన వాలుని మేస్త్రీలు వాటం అంటారు. అబ్బులు వేసిన గచ్చు మీద నీళ్ళు చీపురు చూడకుండానే గుమ్మం దాటిపోయేవి. "అబ్బులు చేతిలో వాటం ఉందమ్మా" అని చుట్టుపక్కల పేరు మోగిపోయింది. ఆ వాటం ఆయన చేతిలో కాదు, నా నడుములో ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆయన పేరుని నేను మోశాను. నడుం నొప్పి రాదూ మరి?

ఈమధ్య మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే సింహాద్రి అబ్బులుని పిలిపించాడు. సింహాద్రికి చిన్నప్పటి నుంచీ కాళ్ళు లేవవు. నాలుగు బేరింగు చక్రాలున్న పలక మీద కూర్చుని, చేతులతో నేలని తోసుకుంటూ తిరుగుతాడు. దుకాణం ఇంటి ముందుగదిలోనే. ఆ గది గచ్చు పాతది, వాటమున్నది. అందుకని పనికి కూర్చున్నప్పుడల్లా పలక చక్రం కింద ఒక ఇటుక పెట్టుకుంటాడు.

"బాబాయ్, అందం నాకక్కర్లేదు. ఆగిన చోట ఆగే నేల కావాలి. ఇటుక పెట్టడం మర్చిపోయానంటే చేతిలో వైర్లతికే కాలే కడ్డీతో గుమ్మంలోకి జారిపోతన్నాను" అన్నాడు సింహాద్రి. ముంజేతి మీద మచ్చలు చూపించాడు.

చిన్న టైళ్ళైతే అతుకు అతుకుకీ చక్రం ఎగిరి వెన్ను జివ్వుమంటుందని పెద్ద టైలు పలకలు కొన్నాడు. ఒక్కో టైలు ఐదడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. గదికి పన్నెండు కావాలి, పన్నెండే దొరికాయి. ఆ రకం ఇక రాదన్నారు. ఒక్కటి పగిలినా గది మధ్యలో అతుకుల గుంట మిగిలిపోతుంది.

టైళ్ళ కొట్టువాడు చెప్పిన సామానంతా కూడా తెచ్చి పెట్టాడు: పలకని పట్టి లేపే రబ్బరు కప్పులు, టైలు గమ్ము, అంచుకి పళ్ళున్న తాపీ, అతుకుల్ని సమంగా బిగించే క్లిప్పులు, మూడు గాజు కళ్ళున్న ఆరడుగుల అల్యూమినియం మట్టం. ఆ ఆరడుగుల వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఒంటి మీద ఒక్క గీత లేదు. బతుకులో ఒక్క గేదెనైనా ఎరగడు.

అబ్బులు పళ్ళ తాపీని పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. "ఇది తాపీయా, పేల దువ్వెనా? ఎంకాయమ్మా, నీ తలకి పనికొస్తదేమో సూడు!"

వెంకాయమ్మ ఆయన భార్య. పెళ్ళైనప్పటి నుంచీ సిమెంటు మాలు కలిపి అందిస్తున్నది ఆవిడే. "నీ నెత్తి మీద దువ్వడానికేం మిగల్లేదనేగా నాకిస్తన్నావ్?" అంది.

కొత్త సామాను మూలన పడింది. అబ్బులు తన పాత పద్ధతిలో ఐదు ముద్దలు మాలు పెట్టి, మొదటి పలక పరిచి, నన్ను పైన పెట్టాడు. ఈసారి వాటం అక్కర్లేదు కనక మరింత జాగ్రత్తగా బుడగని నడిమికి తెచ్చాడు. సొట్ట కొస మాత్రం ఎప్పట్లాగే గుమ్మం వైపే ఉంది. "సూసుకో సింహాద్రీ, అద్దం!"

సింహాద్రి ఫ్యాను బేరింగులోంచి తీసిన ఒక ఉక్కు గుండుని పలక మీద పెట్టాడు. అది ఒక్క క్షణం ఆలోచించి, నింపాదిగా గుమ్మం వైపు దొర్లి, అంచు దాటి టక్కున పడింది.

అబ్బులు ముఖంలో అంత ముసలితనం నేనెప్పుడూ చూడలేదు.

"దాన్ని ఓసారి తిప్పి పెట్టు మావా" అంది వెంకాయమ్మ మెల్లిగా.

"తిప్పితే ఏమొస్తదే, అదే కర్ర!"

"తిప్పు, సూద్దాం."

అన్నేళ్ళలో మొదటిసారి సొట్ట కొస గోడ వైపుకి వచ్చింది. నేను నిజంగా మట్టమైతే ఎటు తిప్పినా బుడగ నడుమనే నిలవాలి. అది సిగ్గులేకుండా గోడ వైపు గీత దాటి పారిపోయింది.

"గేదె మీద పడ్డ కాడి నుంచీ దీనికి నడుం వంకరే" అంది వెంకాయమ్మ.

"నీకు తెలుసా? మరి సెప్పలేదేమే!"

"నీళ్ళు బయటికి పోతన్నాయి, నీకు పేరొస్తంది. ఎందుకు సెప్పడం?"

అబ్బులు చాలాసేపు నా వంక చూశాడు. కోపం లేదు. కలిసి ముసలైపోయిన ఇద్దరు ఒకరి గుట్టు ఒకరికి తెలిశాక చూసుకునే చూపు అది. తర్వాత లేచి, మూలనున్న రబ్బరు కప్పులు తెచ్చాడు.

పలకని పగలకుండా లేపాలి. కప్పులు అతికించి, చెరో పక్కా ఇద్దరూ ఊపిరి బిగబట్టి లాగారు. సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. చప్ మని శబ్దం. పలక మొత్తంగా లేచింది. కింద నలిగిన ఐదు ముద్దలు, మిగతాదంతా బోలు.

"ఐదిడ్లీల మీద మంచం ఏసినట్టుంది" అంది వెంకాయమ్మ. అబ్బులు కూడా నవ్వాడు, పొడిగా.

ఆ ఆరడుగుల వాడితో ముందు నేలని సరిచేశారు. రెండ్రోజులు ఆరనిచ్చారు. పళ్ళ తాపీతో గమ్ముని నేలంతా చాళ్ళుగా దువ్వి, దాని మీద పలకలు దించి, క్లిప్పులు బిగించారు. పలక కింద రూపాయంత ఖాళీ లేదు. నేను కిటికీలో కూర్చుని అంతా చూశాను. పని లేకుండా పని చూడటం నాకు కొత్త. హాయిగా ఉందని చెప్పలేను.

గమ్ము ఆరాక సింహాద్రి గది నడిమికి వచ్చి చేతులు పైకెత్తేశాడు. చక్రాల పలక కదల్లేదు. కాసేపు అలాగే ఉండి, ఇటుక తీసి గుమ్మం బయట పెట్టాడు. తర్వాత నన్ను కిటికీలోంచి అందుకుని తన పక్కనే నేల మీద పడుకోబెట్టాడు. నిజమైన మట్టం మీద పడుకుని ఎన్నేళ్ళయిందో! బుడగ సొట్ట వైపు వెంట్రుకంత జరిగి ఆగింది. నా తప్పు అంతే. అంతకన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు.

సింహాద్రి మరలు తిప్పేది తీశాడు. "ఒక్క మర సడలిస్తే సరైపోద్ది బాబాయ్. బాగుచేసెయ్యనా?"

నా ప్రాణం లేచొచ్చింది.

"వద్దొద్దు, దాని జోలికెళ్ళకు" అన్నాడు అబ్బులు కంగారుగా. "సోమవారం నుంచి బాత్రూం పనుంది నాకు. అక్కడ వాటం కావాలి."

నన్ను గోనెసంచిలో, సింహాద్రి ఆయనకే ఇచ్చేసిన ఆరడుగుల వాడి పక్కన ఏటవాలుగా దూర్చాడు. బుడగ పై కొసకి పోయి ఒదిగి కూర్చుంది. సోమవారం దాకా దాన్ని ఎవరూ చూడరు.