ఒకే పెళ్ళికి రెండు ఆర్కెస్ట్రాలు

పెళ్ళిలో ఏది మరిచినా ఫరవాలేదు గానీ పంతం మాత్రం మరువకూడదని కామారెడ్డి పెద్దలకు గట్టి నమ్మకం. ఎల్లారెడ్డి పెద్దలు అందులో వీళ్ళకు ఏమాత్రం తీసిపోరు. ప్రవీణ్, నిహారికల పెళ్ళి మాట్లాడుకోవడానికి రెండు వైపుల వాళ్ళు నాలుగుసార్లు కూర్చున్నారు. బగారన్నం ఎవరి లెక్కలో పడాలి, విందుకు యాటలు ఎన్ని తెగాలి, మండపానికి పూలు ఏ రంగువి, అన్నీ తేల్చుకున్నారు. ఆర్కెస్ట్రా ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ముందు ఎత్తితే 'మా వల్ల కాదు, మీరే పెట్టుకోండి' అని దేబిరించినట్టుంటుందని పిల్లవాడి తండ్రి పోచయ్య నోరు కట్టేసుకున్నాడు. పిల్ల తండ్రి లస్మయ్యకూ సరిగ్గా అదే గుబులు. చివరికి ఎవరికి వాళ్ళు గుట్టుగా ఒక్కో ఆర్కెస్ట్రా మాట్లాడుకుని, పెళ్ళినాడు ఎదుటివాళ్ళ కళ్ళు తిరుగుతాయని మురిసిపోయారు.

వాళ్ళ మురిపెం కాస్తా పోయి హన్మండ్లు మెడకు చుట్టుకుంది.

హన్మండ్లుకు యాభై రెండేళ్ళు. పగలు కామారెడ్డి బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుతాడు, పెళ్ళిళ్ళకూ పండుగలకూ తన పేరు మీదున్న ఆర్కెస్ట్రాలో పాటలు పాడతాడు. పోచయ్య పిలుపు మీద ఆ పొద్దున తొమ్మిదింటికి తన మనుషులతో ఎల్లారెడ్డి ఫంక్షన్ హాలుకు చేరి, తూర్పు వేదిక మీద సౌండ్ బాక్సులు దింపించాడు. నడుము నిటారు చేసుకుని ఎదురుగా చూస్తే పడమటి వైపు ఇంకో వేదిక కనబడింది. దాని వెనక నిలువెత్తు ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద మైకు పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి. 'వినోద మెలొడీస్, ఎల్లారెడ్డి' అని కింద రాసుంది.

వినోద అతని సొంత చెల్లెలు. నాలుగేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

గొడవేమీ పొలం గట్టు గురించి కాదు. నిజాంసాగర్ దగ్గర ఒక ప్రోగ్రాంకు ముందు సాధన చేస్తుంటే, డోలక్ వాయించేవాడి ముందూ కీబోర్డు వాయించే నగేశ్ ముందూ వినోద ఒక మాటంది. "అన్నా, నీకు పైకి అందుతలేదు. జర శ్రుతి దించుకో." అంతే. హన్మండ్లుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకు శ్రుతి నేర్పినోన్ని నేను. నాకే చెప్పెటంతైతే పోయి సొంతంగ పాడుకో," అన్నాడు. ఆమె పోయి సొంతంగానే పాడుకుంది. ఎల్లారెడ్డిలో అత్తగారింటి పక్కనే ఆర్కెస్ట్రా పెట్టింది, మంచి పేరు తెచ్చుకుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆమె అన్నది ముమ్మాటికీ నిజం. హన్మండ్లు గొంతు పైస్థాయిలో ఆ ముందు ఏడాదే పోయింది. మిరియాలు నమిలాడు, కరక్కాయ చప్పరించాడు, ఫ్లాస్కులో వేడినీళ్ళు మోశాడు. పోయిన గొంతు తిరిగి రాలేదు. అప్పటినుంచి తనకు అందే పాటలే ఏరుకుని పాడుతూ, ఎవరైనా డ్యూయెట్ అడిగితే "గవన్ని పాతబడ్డయి" అని దాటేస్తున్నాడు. శ్రుతి దించుకుంటే పోయేదానికి ఈ తిప్పలన్నీ ఎందుకంటే, దించితే చెల్లెలు చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టే. అది మాత్రం అతని వల్ల కాలేదు.

అతను ఫ్లెక్సీ నుంచి చూపు మరల్చుకునేలోపే నగేశ్ హాల్లోకి వచ్చాడు, చంకలో కీబోర్డుతో. హాలు నడుమకు రాగానే ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమరకు చూసి అక్కడే ఆగిపోయాడు. ఆ చుట్టుపక్కల అంత బాగా కీబోర్డు వాయించేవాడు లేడు. కాకపోతే ఎవరికీ కాదని చెప్పలేడు. అదొక్కటే అతని జబ్బు.

"ఏందిరా, అక్కడనే నిలవడ్డవు," అన్నాడు హన్మండ్లు.

"అన్నా, నువ్వు పిలిస్తే ఔనన్న. అక్క పిలిస్తే ఔనన్న. రెండు పెండ్లిలనుకున్న. ఎల్లారెడ్డేమన్న పట్నమా, గిటు గంట గటు గంట కొట్టొస్త అనుకున్న. ఒక్కటే పెండ్లని నాకెట్ల ఎరుక?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పోచయ్య "మా తరఫున వాయించు" అన్నాడు. నగేశ్ ఔనన్నాడు. లస్మయ్య "ఊరు మాది, మా దిక్కే రావాలె" అన్నాడు. నగేశ్ దానికీ ఔనన్నాడు. ఆఖరికి పెద్దలు కూర్చుని, పెళ్ళిలో అన్నిటికీ చెప్పే తీర్పే దీనికీ చెప్పారు: సగం సగం. డెకరేషన్ వాళ్ళ టేపు తెచ్చి హాలు కొలిచారు. సరిగ్గా నడుమ, జనంలో కుర్చీల మధ్య కీబోర్డు పెట్టించారు. అటొక వైరు, ఇటొక వైరు లాగారు. ఒక పాట తూర్పుది, ఒక పాట పడమటిది.

మొదటి పాట హన్మండ్లు పాడాడు. రెండోది వినోద పాడింది. ఆరువందల మంది జనం తూర్పుకు పెట్టుకున్న కుర్చీలను గరగరా పడమటికి తిప్పుకున్నారు. మూడో పాటకు మళ్ళీ తూర్పు. అన్నాచెల్లెళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా పాడుతున్నారు. ఎదురెదురుగా నిలబడి అలా పాడటం చాలా కష్టం. ఇద్దరూ సీలింగు ఫ్యాన్లను చూస్తూ పాడారు. ఎనిమిది పాటలయ్యేసరికి జనానికి పెళ్ళి మీదే విసుగు పుట్టింది.

పోచయ్య తల్లి సాలవ్వ భిక్నూర్ నుంచి వచ్చింది. ముందు కుర్చీలో కూర్చున్న ఆమె ఇక తట్టుకోలేకపోయింది. "తిరిగి తిరిగి మెడ పట్టింది బిడ్డా," అంది పక్కనే ఉన్న నగేశ్‌తో. "మునుపు మా ఊర్ల బతుకమ్మకు గీ అన్న, చెల్లె కలిసి జంటపాటలు పాడిన్రు. అసొంటిదొకటి ఎయ్యి కొడుకా. ఇద్దరొక్కపారే పాడితే మేం నడుమల చూసుకుంట కూసుంటం."

నగేశ్ కాదనగలడా? "ఔనవ్వా," అన్నాడు. ఎవరినీ అడక్కుండానే పాత డ్యూయెట్ ఒకటి ఎత్తుకున్నాడు. నాలుగేళ్ళ కిందట ఏ శ్రుతిలో వాయించాడో అదే శ్రుతి.

ఆ పాటను హన్మండ్లు మొదటి ముక్కకే గుర్తుపట్టాడు. పల్లవి ఎత్తుకోవలసింది వినోద. ఆమె పాడదులే అనుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, ఆమె పాడింది. గొంతు మునుపటికన్నా నిండుగా ఉంది. జనం చప్పుడు మానేశారు. పల్లవిలో తన వంతు కిందిస్థాయిలోదే గనుక అతనూ ఎలాగో గట్టెక్కాడు. చప్పట్లు మోగాయి. చరణం మిగిలింది. చరణం మొదలే పైస్థాయి, అదీ అతనిదే.

శ్రుతి దించమని నగేశ్‌కు సైగ చేశాడు. బాగుందని మెచ్చుకుంటున్నాడనుకుని నగేశ్ తల ఊపి ఇంకా హుషారుగా వాయించాడు. చెవిలో చెప్పడానికి నలభై అడుగుల దూరం. ఇక మిగిలింది మైకు. మైకులో చెబితే ఆరువందల మంది వింటారు. వాళ్ళందరినీ మించి వినోద వింటుంది. చెప్పకపోతే ఇంకో పది సెకన్లలో గొంతు పగులుతుంది.

"నగేశూ, జర ఆపు," అని మైకులో వినబడింది.

అన్నది వినోద. "శ్రుతి మస్తు మీదికైంది. నాకు అందుతలేదు. ఒక మెట్టు దించు."

హాల్లో గుసగుసలు లేచాయి. పోచయ్య తొడ చరిచినంత పని చేశాడు. "చూసినవా లస్మయ్యా? మీ పాటకత్తెకు గొంతు సరిపోతలేదు. మా హన్మండ్లు చూడు, ఎట్ల నిలవడ్డడో." లస్మయ్య తల దించుకున్నాడు. పిల్ల తరఫు ఆడవాళ్ళు వినోదను ఎగాదిగా చూశారు. ఆమె చీర కుచ్చిళ్ళు సవరించుకుంది.

వినోదకు అందని శ్రుతి లేదని హన్మండ్లుకు తెలుసు. నేర్పిందే అతను. నాలుగేళ్ళుగా ఆమె వచ్చి తప్పైందంటుందని ఎదురుచూశాడు. ఇప్పుడు చేయని తప్పును అంతమంది ముందు నెత్తిన వేసుకుని నిలబడి ఉంది. అతనికి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఏడుపొచ్చింది. నోరు మూసుకుంటే గెలుపు తనదే, పోచయ్య ఊరంతా చాటుతాడు కూడా.

మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "నగేశూ, మా చెల్లెకు అందుతది. ఇంకింత ఎక్కిచ్చినా అందుతది. అందనిది నాకు. నాలుగేండ్ల కిందనే చెప్పింది, నేనే ఇనలే. రెండు దించు."

ఈసారి పోచయ్య తల దించుకున్నాడు. నగేశ్ కీబోర్డు మీది నుంచి తల ఎత్తాడు. "అక్క ఒకటన్నది, నువ్వు రెండంటివి. ఏది చెయ్యాలె అన్నా?"

"రెండంటున్న కదరా."

పడమటి మైకు కొంచెం గరగరలాడింది. వినోద కొంగుతో కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది.

"మూడు దించు నగేశూ," అంది. "రెండుకు సుత అందది అన్నకు."

హాలంతా గొల్లుమంది. హన్మండ్లు మైకు పక్కకు తీసి, చరణంలోని ఆ పైస్థాయి ముక్కను లోలోపల ఒకసారి పాడి చూసుకున్నాడు.

"మూడే," అన్నాడు.