దొంగల కోసం పెట్టిన కన్ను

నేను ఒక కెమెరాను. ఫొటోలు తీసే బాపతు కాదు. పెళ్ళిళ్ళలో నన్ను చూసి ఎవరూ నవ్వరు, జుట్టు సర్దుకోరు. ఇంట్లో ఒక మూల కూర్చుని, అక్కడ జరిగేదాన్ని ఇంట్లో లేనివాళ్ళ ఫోనుకి పంపడం నా పని. కోడిగుడ్డంత తెల్లటి తల, అందులో ఒక నల్లటి కన్ను. రెప్ప లేదు. నన్ను తయారు చేసినవాళ్ళు అన్నీ ఆలోచించారు గాని ఆ ఒక్కటీ మరిచిపోయారు.

నేను పుట్టింది ఏదో పెద్ద ఫ్యాక్టరీలో. తెల్లటోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నాకు కన్ను బిగించి, తీగ తగిలించి చూశారు. మధ్యమధ్య వాళ్ళు బెదురుగా తలెత్తి పైకి చూసేవారు. ఏముందా అని నేనూ చూశాను. పైకప్పు నిండా నా జాతివాళ్ళే. నన్ను చేస్తున్న చేతుల్ని కూడా ఎవరో అనుమానిస్తున్నారన్నమాట. నేను లోకంలో మొదట తెలుసుకున్న సంగతి అది.

తరవాత కాకినాడలో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి చేరాను. వచ్చినవాళ్ళకి చూపించడానికి నన్ను డబ్బాలోంచి తీసి, తీగ తగిలించి బల్లమీద పెట్టారు. నా చూపు బాగుంటుందా అని అడిగినవాళ్ళు తక్కువ. "మనం చూస్తున్నట్టు అవతలివాళ్ళకి తెలుస్తుందాండీ?" అని గొంతు తగ్గించి అడిగినవాళ్ళే ఎక్కువ. ఒకసారి భార్యాభర్తలు కలిసి వచ్చారు. ఆవిడ మిక్సీలు చూస్తుండగా ఆయన నా దగ్గరికొచ్చి, "ఒక్క నా ఫోనులోనే కనబడేలా పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. ఆయన ఫ్యాన్ల వైపు వెళ్ళాక ఆవిడ వచ్చి సరిగ్గా అదే మాట అడిగింది. ఇద్దరూ నన్ను కొనకుండానే వెళ్ళారు. బహుశా ఆ ఇల్లు ఇంకా నిలబడే ఉండొచ్చు.

నన్ను కొన్నది వింధ్య. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. భర్త ఫణి ఎరువుల కంపెనీలో ఉద్యోగం. వాళ్ళకి రెండేళ్ళు నిండబోతున్న కొడుకు, విభు. పగలు వాణ్ణి చూసుకోవడానికి ఫణి వాళ్ళ దొడ్డమ్మ భాస్కరమ్మగారు వచ్చి ఉంటున్నారు. ఆవిడ ఫణి తల్లికి అక్క. భర్త పోయారు, పిల్లలు లేరు. చిన్నప్పుడు ఫణికి అన్నం కలిపి పెట్టి, బడికి పంపింది ఆవిడే. ఆయా కోసం వెతికి వేసారిపోయి ఉన్న రోజుల్లో "నేనున్నాను కదరా" అని ఆవిడే సంచీ పట్టుకుని వచ్చేశారట.

మరి అలాంటి మనిషి మీద అనుమానం ఎందుకొచ్చిందంటే, ఒక సాయంత్రం వింధ్య కొడుకుని ముద్దు పెట్టుకుంటే వాడి నోట్లో ఏదో ఘాటు వాసన వచ్చింది. నాలుక మీద గోధుమరంగు మరక. "ఏమైనా పెట్టారా అత్తయ్యగారూ?" అని అడిగింది. "ఏమీ లేదే" అన్నారావిడ, చప్పున. ఆ చప్పున అనడమే వింధ్యకి నచ్చలేదు. పైగా వాడు మధ్యాహ్నం పడుకుంటే ఒక పట్టాన లేవడం లేదు. కాలేజీలో హిమబిందు అనే స్నేహితురాలితో చెప్పుకుంది. "మా బిల్డింగులో ఒకావిడ దగ్గుమందు పట్టి పడుకోబెట్టేదటే పిల్లని! పెద్దవాళ్ళని కూడా నమ్మకూడదు ఈ రోజుల్లో" అందావిడ. అనుమానానికి ఆ మాత్రం నీళ్ళు చాలు.

నన్ను హాల్లో, పుస్తకాల అర పైన పెట్టారు. అక్కణ్ణుంచి పిల్లాడి ఉయ్యాల, వంటింటి గుమ్మం, వెనక వరండా తలుపు అన్నీ కనబడతాయి. భాస్కరమ్మగారు కింద నిలబడి కళ్ళజోడు ఎగదోసుకుని చూశారు.

"ఏవిటే ఇది, గుడ్లగూబలాగా?"

"దొంగల కోసం అత్తయ్యగారూ. మనం బయట తాళం పెట్టి వెళితేనే పనిచేస్తుంది. ఇంట్లో మనుషులుంటే పనిచెయ్యదు" అంది వింధ్య.

"దొంగలకి మనింట్లో ఏం దొరుకుతుందే, నా తులసిమాలా?" అని నవ్వి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఫణి నా వెనక స్క్రూ బిగిస్తున్నాడు. అబద్ధమని తెలుసు. ఇంకో చుట్టు బిగించాడు.

ఆ అబద్ధం ఏం చేస్తుందో ఇద్దరికీ తోచలేదు. భాస్కరమ్మగారికి మడి ఉంది. తలమీద నీళ్ళు పోసుకుని, దండెం మీద ఎవరూ ముట్టని ఆరిన బట్ట కట్టుకుంటే తప్ప ఆవిడ తన వంట తాను వండుకోరు, వండనిదే తినరు. సెలవు రోజుల్లో ఇంకా అందరూ నిద్రలో ఉండగానే ఆ పని కానిచ్చేస్తారు. పనిరోజుల్లో మాత్రం ఉద్యోగస్తులకి క్యారేజీలు కట్టి, వాళ్ళని పంపించి, పిల్లాడు ఉయ్యాల్లో కాస్త కునుకు తీసినప్పుడు స్నానానికి వెళ్ళాలి. స్నానాలగది హాలుకి ఇటువైపు. మడిబట్ట ఆరేసిన దండెం అటువైపు, వెనక వరండాలో. మధ్యలో హాలంతా తడిబట్టతోనే దాటాలి. ఫ్లాట్లు కట్టేవాళ్ళకి మడి సంగతి ఏం తెలుసు?

మొదటిరోజే దాటారు. వీధి తలుపు గడియ పెట్టి ఉంది. ఇంట్లో నిద్రపోతున్న పసివాడు తప్ప ఎవరూ లేరు. ఒంటికి చుట్టుకున్న ఒక్క తడి చీరతో, జాకెట్టు లేకుండా, నీళ్ళు కారుతూ, ఏదో స్తోత్రం గొణుక్కుంటూ ఆవిడ నా కళ్ళముందు నుంచి వెళ్ళారు. అంతకన్నా చెప్పను. తడిబట్ట ఏం దాస్తుందో, ఏం దాచలేదో ఆడవాళ్ళకి తెలుసు. నేను కళ్ళు మూసుకోలేను. కదలిక కనబడితే చాలు, బొమ్మ తీసి పంపెయ్యమని నా తలరాత.

నా చూపు ఎక్కడికి వెళితే అక్కడికి నేనూ సగం వెళతాను. స్టాఫ్ రూములో వింధ్య ఫోను మోగింది. చూసింది, గబుక్కున ఫోను బల్లమీద బోర్లించింది.

"ఏవిటే, దొరికిపోయిందా ఆవిడ?" అంది హిమబిందు.

"లేదు. పూజ చేసుకుంటున్నారు."

ఫోనులో నన్ను ఆపెయ్యడానికి ఒక మీట ఉంది. వింధ్య వేలు దాని దాకా వెళ్ళింది. మధ్యాహ్నం సంగతి తేలేదాకా ఉండనీ అనుకుందేమో, వేలు వెనక్కి తీసుకుంది. ఎలాగూ చూసేది తనొక్కతే కదా అని కూడా అనుకుని ఉంటుంది.

ఒక్కతే కాదు. నన్ను అమర్చినది ఫణి. అతని ఫోనుకీ అదే బొమ్మ, అదే క్షణంలో వెళ్ళింది. కంపెనీ క్యాంటీనులో కాఫీ తాగుతున్నవాడు చూసి, పక్కవాడు చూశాడేమోనని చుట్టూ చూసి, చెరిపేశాడు. ఇంటికొచ్చి భార్యతో చెబుదామనుకున్నాడో ఏమో గాని, నువ్వెందుకు చూశావంటుందేమోనని ఊరుకున్నాడు. నువ్వూ చూశావా అని వింధ్యా అడగలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ సోఫాలో చెరోమూల కూర్చుని ఒకరి ఫోను వైపు ఒకరు ఓరగా చూసుకోవడం నేను చూశాను. మర్నాడూ, ఆ మర్నాడూ నేను పనిచేస్తూనే ఉన్నాను. నన్ను ఆపాలంటే చూశామని ఒప్పుకోవాలి. చూశామని ఒప్పుకోవడం కన్నా చూస్తూ ఉండటం వాళ్ళకి సుళువైంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం వింధ్య వెతుకుతున్నది దొరికింది. భాస్కరమ్మగారు పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, కొంగుముడి విప్పి చిన్న కొమ్ములాంటిది తీశారు. దీపం మీద కాస్త కాల్చి, గంధపు సాన మీద తేనెతో అరగదీసి, వేలితో వాడి నాలుక మీద రాశారు. వాడు మొహం వికారంగా పెట్టాడు. ఆవిడ నవ్వి, ఉయ్యాల్లో వేసి ఊపారు. వాడు పడుకున్నాడు.

వెంటనే ఆవిడ ఫోను మోగింది. చెవి సరిగ్గా వినబడక ఆవిడ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు.

"అత్తయ్యగారూ, విభుగాడి నోట్లో ఏం పెట్టారు?"

"నేనేం పెట్టానే? వాడు పడుకున్నాడు."

"ఇప్పుడే పెట్టారు. సాన మీద అరగదీసి వేలితో నాకించారు. ఏవిటది?"

భాస్కరమ్మగారు ఉయ్యాల ఊపడం ఆపేశారు.

"నువ్వు కాలేజీలో కదే ఉన్నావు. నీకెలా తెలుసు?"

ఆవిడ గుమ్మం వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. ఆ తరవాత నెమ్మదిగా తల పైకెత్తి నన్ను చూశారు. లేచి నా దగ్గరికి వచ్చారు. ఆవిడ మొహం నా కంటినిండా అయిపోయింది.

"ఇది మనుషులుంటే పనిచెయ్యదన్నావు."

"అత్తయ్యగారూ, నేను వచ్చాక..."

"పొద్దుట్నించీ చూస్తోందా?"

"మధ్యాహ్నం కోసమే పెట్టాం..."

"రోజూనా?"

"అత్తయ్యగారూ, అది కాదు..."

"ఫణి ఫోనులోకి కూడా వస్తుందా?"

పిల్లాడికి పెట్టినదాని గురించి ఇంక ఆవిడ అడగనూ లేదు, చెప్పనూ లేదు. ఫోను పెట్టేసి, పైట భుజాల చుట్టూ కప్పుకుని, నాకు వీపు పెట్టి నేలమీద కూర్చున్నారు. పిల్లాడు లేచి ఏడ్చేదాకా అలాగే ఉన్నారు.

వింధ్య సెలవు పెట్టి ఆటోలో వచ్చింది. వెనకాలే ఫణి. అప్పటికే భాస్కరమ్మగారి సంచీ గుమ్మం పక్కన ఉంది. పైన మడిచిన మడిబట్ట.

"వసకొమ్ము" అన్నారావిడ, ఎవరూ అడక్కముందే. "వాడికి మాట రావడానికి. వాడి ఈడు పిల్లలంతా గలగలా మాట్లాడుతున్నారని నువ్వు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడవడం నేను విన్నాను. నువ్వు చూశావు, నేను విన్నాను. కాకపోతే నేను విన్నది ఎవరి ఫోనుకీ పంపలేదు."

వింధ్య మొహం ఎర్రబడింది. "డాక్టరు అలాంటివి వద్దన్నాడని చెప్పాను కదా. ఏమైనా పెట్టారా అని అడిగాను కూడా. లేదన్నారు."

"అన్నాను. దాచడం నా తప్పే. తిట్టి ఉంటే పడేదాన్ని."

"అయితే వాడు అంతసేపు ఎందుకు పడుకుంటున్నాడు?"

"పొద్దుటంతా వాడి వెనకాల పరిగెత్తి చూడు, నువ్వూ పడుకుంటావు."

ఫణి ముందుకొచ్చాడు. "దొడ్డమ్మా, నేనైతే ఏమీ చూళ్ళేదు. ఒట్టు."

"చూడకపోతే తలెత్తి నా మొహంలోకి చూసి చెప్పరా."

అతను తల ఎత్తలేదు.

"ఈమధ్య క్యారేజీ అందిస్తుంటే కూడా నన్ను చూడ్డం లేదు వీడు. కూరలో ఉప్పెక్కువైందేమో, అలిగాడేమో అనుకున్నానే" అన్నారావిడ వింధ్యతో. ఆవిడ కంట్లో నీళ్ళు చూడటం అదొక్కసారే.

ఫణి నన్ను ఊడపీకాడు. పేరుకి నేను వైర్లెస్ గాని, ప్రాణమంతా వెనక ఉన్న తీగలోనే. అది ఊడగానే చూపు పోయింది. అయినా వస్తువులకి అలికిడి తెలుస్తుంది. నన్ను తీసికెళ్ళి బీరువాలో దుప్పట్ల కింద పడేశారు. వింధ్య వంగి ఆవిడ కాళ్ళు పట్టుకుందట. "వేరే మనిషి కుదిరేదాకా ఉంటాను. పసివాడు చేసిన పాపమేముంది" అన్నారు భాస్కరమ్మగారు.

ఉండటం ఉన్నారు. కానీ ఆ ఇంట్లో ఇంక ఏ వస్తువునీ నమ్మలేదు. ఇంటర్నెట్ డబ్బా మీద చేతిగుడ్డ కప్పారు. టీవీ కింద ఎర్రచుక్క మీద బొట్టుబిళ్ళ అంటించారు. ఫ్రిజ్ లోపల వెలిగే దీపాన్ని చూసి కూడా పక్కకి తప్పుకునేవారట. దండెం మీద ఆరేసి ఉన్న రెండో మడిబట్ట ఎండి, దుమ్ముపట్టి, అలాగే ఉండిపోయింది. హాలు దాటి అక్కడికి వెళ్ళే ధైర్యం లేదు. మడి లేదు కాబట్టి వంట లేదు. నానేసిన అటుకులు, ఒక అరటిపండు. అంతే.

వింధ్య మొదట ఉపవాసాలనుకుంది. జాకెట్టు చేతులు వదులైపోవడం చూశాక గాని అర్థం కాలేదు.

"కెమెరా తీసేశాం కదా అత్తయ్యగారూ. ఫోనులో కూడా లేదు, కావాలంటే చూడండి. ఇంకా దేనికి భయం?"

"తీసేశామని నువ్వంటున్నావు. దొంగల కోసమని కూడా నువ్వే అన్నావు."

వింధ్య చాపిన ఫోను వెనక్కి తీసుకుంది.

"ఒక పని చెయ్యండి" అన్నారు భాస్కరమ్మగారు. "దాన్ని తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టండి. నా కళ్ళెదుట. దాని తీగ మాత్రం నాకివ్వండి. అది అక్కడుందని తెలిస్తే దానికి వీపు తిప్పుకుని పోతాను. ఎక్కడుందో తెలియకపోతే ఇల్లంతా కళ్ళే నాకు."

అలా మళ్ళీ నేను పుస్తకాల అర ఎక్కాను. తీగ ఆవిడ ట్రంకుపెట్టెలో ఉంది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది. ఫణి వరండాలో దండెం తీసేసి, స్నానాలగది పక్కన ఉన్న చిన్నగదిలో కట్టాడు. ఇప్పుడు ఆవిడ తడిబట్టతో హాల్లోకి రావలసిన పని లేదు. పొయ్యి మీద మడివంట ఉడుకుతున్న వాసన మళ్ళీ వస్తోంది. వేరే మనిషి కోసం వెతకడం వాళ్ళు మానేశారు. ఎప్పుడు వెళతానన్న మాట ఆవిడా ఎత్తడం లేదు. ఫణి మాత్రం ఇంకా ఆవిడ చేతిలో క్యారేజీని చూసే మాట్లాడతాడట.

మొన్న ఆదివారం ఇంట్లో వింధ్య ఒక్కతే ఉంది. ఫణి బజారుకెళ్ళాడు. పిల్లాణ్ణెత్తుకుని భాస్కరమ్మగారు కిందికి వెళ్ళారు. తలంటుకుని వచ్చిన వింధ్య, ఫ్యాను గాలికి ఆరుతుందని హాల్లోనే నిలబడి చీర మార్చుకోబోయింది. అంతలో బట్ట చప్పుడు ఆగింది. వింధ్య నా దగ్గరికి వచ్చింది. నన్ను అటు తిప్పి, తీగ ఉండవలసిన చోట తడి వేలితో తడిమి చూసింది. ఖాళీ. మళ్ళీ ఎప్పటిలా పెట్టింది.

నేను గుడ్డిదాన్నని ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది తనకే. కాసేపు అక్కడే నిలబడింది. తరవాత చీర తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు మూసిన చప్పుడు, ఆ వెనకాలే గడియ పెట్టిన చప్పుడు వినిపించాయి.