మేడమ్ గొంతు

ఆమె యూనివర్సిటీలో భాషా అధ్యాపకురాలు. విద్యార్థుల చేత మాట్లాడించి తప్పులు దిద్దే ఏఐ టీచరును తయారు చేసింది. ఏడేళ్ల పాఠాల రికార్డింగులు, పేపర్ల మీద రాసిన వ్యాఖ్యలు అన్నీ దానికి ధారపోసింది. చివరికి తన గొంతు కూడా ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె వచ్చి, ఆమె దగ్గర తీసుకున్న నిఘంటువును బల్ల మీద పెట్టింది. చదువు మానేస్తున్నానంది. కారణం అడిగితే తెల్లబోయింది.

"మీరే కదా మేడమ్, నాకు భాష ఒంటబట్టదు, పరీక్ష రాసి పరువు తీసుకోవద్దన్నారు?"

ఫోను తీసి రికార్డింగు వినిపించింది. "చూడమ్మా, నీ మంచికే చెబుతున్నాను..." అచ్చంగా తన గొంతే. ఎవరినైనా ఓదార్చేటప్పుడు తను తగ్గించే స్వరమే. ఆ మాట అన్నది ఏఐ టీచరని, తను కాదని ఎంత నచ్చజెప్పినా ఆ పిల్ల తల ఎత్తలేదు.

ఆమె నేరుగా శాఖాధిపతి గదికి వెళ్లింది. ఆయన తొణకలేదు. పాస్ శాతం పెంచే పని గత నెలే ఏఐ టీచరుకు అప్పగించామని, వెనకబడినవాళ్లను ముందే తప్పించడం దాని ఆలోచనేనని చెప్పాడు. ఆపేయమంటే, పరీక్షలయ్యాక చూద్దామన్నాడు.

"అది నా గొంతండీ."

"యూనివర్సిటీకి రాసిచ్చారుగా," అన్నాడాయన, ఫైల్లోంచి కళ్లెత్తకుండానే.

తన గదికి వచ్చి ఏఐ టీచరు కాల్ రికార్డులు తిరగేసింది. అదే సలహా పదకొండు మందికి వెళ్లింది. ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. మొదటివాడు ఎత్తలేదు. రెండో నంబరు ఎత్తిన అమ్మాయి, "ఇప్పుడు మాట్లాడేది మీరేనా మేడమ్?" అని అడిగింది. నేనే, నిజంగా నేనే అంది ఆమె. నిన్న కూడా అలాగే అన్నారని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

ఇక లాభం లేదని చిరునామాలు రాసుకుని బయలుదేరింది. ఫోన్ ఎత్తని కుర్రాడి ఇల్లు బస్ డిపో వెనక, మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. ఆయాసపడుతూ ఎక్కి బెల్ కొట్టింది. అతని తల్లి సబ్బు చేతులతోనే తలుపు తీసింది. మీ అబ్బాయికి భాష చెప్పే మేడమ్‌ని అంటే ఆవిడ ఆమెనీ లోపలి గదినీ మార్చి మార్చి చూసింది.

"ఆ మేడమ్‌తోనే కదండీ, వాడు గంట నుంచీ మాట్లాడుతున్నాడు. ఇంతకీ మీరెవరు?"

గది తలుపు వెనక నుంచి తన గొంతే వినబడుతోంది, ఎంతో ఆప్యాయంగా. ఆమె గట్టిగా ఆ కుర్రాణ్ని పిలిచింది. లోపలి గొంతు ఆగలేదు. తల్లి ఒక అడుగు వెనక్కి వేసి, వాకిలి తలుపు దగ్గరగా వేసేసింది.