గుట్ట పిలిచిన పేరు

కాపురానికొచ్చిన ఇరవై రోజుల్లో సింధుశ్రీ మూడు సంగతులు కనిపెట్టింది. మొగుడు భరత్‌కుమార్ నిద్రలో నవ్వుతాడు. నల్ల పెయ్యకు బెల్లమంటే ప్రాణం. మొగుడి తాత మాత్రం రోజూ పొద్దున్నే సద్దిమూటతో సోలార్ కంచె దాకా వెళ్తాడు. మొదటి రెండింటికీ మురిసిపోయింది గానీ మూడోది అంతుపట్టలేదు. చేను సోలార్ కంపెనీకి కౌలుకిచ్చి ఏళ్లయింది. అక్కడిప్పుడు చెనక్కాయలు లేవు, నీలం పలకలే.

"తాత ఆడ ఏం చేస్తాడు?"

"ఎండని ఎవురన్నా ఎత్తుకపోతారని కాపలా," అన్నాడు భరత్‌.

ఆ రోజు తాత సద్ది మరిచాడు. దొరికిందే సందని మూట పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.

కంచె దగ్గర తాత గుట్టకేసి తిరిగి అరుస్తున్నాడు. "ఆదెప్పా!"

"ఆదెప్పా!" అంది పలకలకవతల గుట్ట.

ఆమెకు నవ్వాగలేదు. "నిన్ను నువ్వే పిల్చుకుంటాండావా తాతా?"

ముసలాయన సిగ్గుపడి బండమీద కూర్చున్నాడు.

"చేలో ఉన్నప్పుడు పక్క చేని బోరయ్య 'ఆదెప్పా, సద్దికి రాప్పా' అని కేకేస్తాండె. మొన్న సుగ్గిలో, కోతలప్పుడు, వాడూ పాయె. ఇంట్లో తాతంటారు, బయట పెద్దాయనంటారు. పేరుతో పిలిచేటోళ్లు ఒక్కరూ మిగల్లేదమ్మా. ఆదెప్పనేటోడు ఉండాడా, వాడూ పాయెనా అని అనుమానమొస్తాది."

"గుట్ట పిలుస్తాంది కదా?"

"అది నా గొంతే. నా గొంతు నాకే తిరిగొస్తే ఏం లాభం?"

సింధుశ్రీకి నవ్వు పోయింది. ఈ ఊళ్లో తననీ అందరూ కొత్తకోడలనే అంటారు. సాయంత్రం భరత్‌ వచ్చి "సింధూ" అంటే గానీ ప్రాణం కుదుటపడదు.

కానీ కోడళ్లు పెద్దల పేరెత్తకూడదు. రేషన్ అంగట్లో అడిగినా అత్త తన మామ పేరు పక్కావిడతో చెప్పిస్తుంది.

కొంచెం ఆలోచించి, ఆయనకు వీపు పెట్టి నిలబడింది. "నిన్ను కాదు తాతా. గుట్టకు చెప్తాండా."

ఊపిరి బిగబట్టి కేకేసింది. "ఆదెప్పా! సద్దికి రాప్పా!"

గుట్ట ఆడగొంతుతో పిలిచింది. గేటు కాడి వాచ్‌మన్ ఎర్రిస్వామి తల బయటపెట్టి చూశాడు. వెనక చప్పుడు లేదు. కోపమొచ్చిందా?

"వస్తాండా!" అని తాత గొంతు గట్టిగా వినబడింది.

ఆమె మూట విప్పింది. ఆయన రొట్టె తుంచి సగం ఇచ్చి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి మీద వేలు పెట్టాడు.

"బోరయ్యకి ఇదెంతేసినా చాలేది కాదు. నీకెంత కావాల?"