దండెం మీద తోకచుక్క

దుప్పటి మళ్లీ చిక్కుకుంది.

తడి దుప్పటి ఎంత బరువుంటుందో కప్పుకుని పడుకునేవాళ్లకి తెలీదు. ఉతికేవాళ్లకి తెలుసు. రెండు చేతులా ఎత్తి దండెం మీదకి విసిరి, అవతలికెళ్లి కొస పట్టుకుని లాగితే సర్రున జారాలి. ఈ డాబా మీద దండెం జారనివ్వదు. ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన దిట్టమైన ఇనపతీగ. దాని పొడవునా అక్కడక్కడ సన్నతీగ ముక్కలు మెలేసి ముళ్లలా వదిలేసింది ఎవరో కాదు, చచ్చిపోయిన అత్తగారు. ఆవిడ మొహం కోడలికి హాల్లో ఫొటోలోనే తెలుసు. పెళ్లై వచ్చినప్పటినుంచీ ఆవిడ మెలేసిన ముళ్లకి ఈవిడ చీరలు చిరుగుతున్నాయి. పటకారు తెచ్చి పీకేస్తానని ఎన్నిసార్లన్నా మామగారు, "ఉండనీ అమ్మా, పిచ్చిది కట్టుకుంది. నీకేం అడ్డం?" అంటాడు. అడ్డమే. బట్టలారేసేది ఆయన కాదు కనక ఆయనకి అడ్డం లేదు.

అత్తగారి పిచ్చి ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అది చెప్పడంలో మొగుడి అక్కగారిది, అంటే వదినది, అందెవేసిన చెయ్యి. ఇంటికొచ్చినా, ఫోన్ చేసినా, ఏ మాట మధ్యలోనో అది దొర్లాల్సిందే. "మా అమ్మ తెల్లారకట్ల డాబా ఎక్కి నిలబడేదే. ఆకాశంలో ఎవరో చీపురు మర్చిపోయారు, చూడండి చూడండి అని గోల. అందరూ సాయంత్రం ఎక్కి చూస్తే ఏముందీ? చీపురూ లేదు, చేటా లేదు!" అని పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు ప్రతిసారీ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగిపోతుంది, బట్టీ పట్టినట్టు. వీధిలోవాళ్లు అత్తగారికి చీపురమ్మ అని పేరు పెట్టారట. ఆఖరికి డాబా తలుపుకి తాళం పడింది. డాక్టరుకి చూపించారు. మాత్రలు మింగించారు. ఆ మాత్రలకి ఆవిడ పొద్దెక్కేదాకా లేవలేకపోయేదట. కొన్నేళ్లు అలాగే పడుకుని పడుకుని పోయింది.

"అప్పుడు పొద్దున్నే పాలెవరు కాచేవారు వదినా?" అని కోడలు ఒకసారి అడిగింది.

"ఎవరో ఒకరు కాచేవాళ్లులే. నీకెందుకే ఆ గొడవ?" అని వదిన ఫోన్ పెట్టేసింది. అంతసేపూ నవ్విన మనిషే.

కోడలు ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పగలంతా మసక గదిలో మసక మచ్చలు చూసే పని. ఏది ఫిల్ము మీద మరకో, ఏది మనిషి లోపలి మచ్చో ఆమెకి చూడగానే తెలుస్తుంది. తెలిసినా నోరు మెదపకూడదు. "తియ్యడం నీ పని, చూడడం నా పని" అని పెద్ద డాక్టరు చేరిన రోజే చెప్పాడు. సాయంత్రం ఇంటికొస్తే వండడం ఆమె పని, బాగుందో బాగోలేదో చెప్పడం ఇంకొకరి పని. చూసినదాన్ని చూశానని చెప్పుకునే హక్కు ఆమెకి పగలూ లేదు, రాత్రీ లేదు.

అలాంటి మనిషికి ఒక తెల్లవారుజామున, నానేసిన బట్టల బక్కెట్టుతో డాబా ఎక్కినప్పుడు, తూర్పున రెండు మేడల మధ్య సందులో మసగ్గా ఒక మచ్చ కనిపించింది. కళ్లజోడు మీద మరక అనుకుంది. కొంగుతో తుడిచింది. మచ్చ పోలేదు. తల పక్కకి తిప్పితే మరకైతే తలతోపాటు తిరగాలి. ఇది ఉన్నచోటే ఉంది. కింద ఒక చుక్క, దాన్నుంచి పైకి సన్నగా చెదిరిన వెలుగు. మర్నాడు చూస్తే ఉంది, కానీ కాస్త ఎడమకి జరిగింది. ఫోన్లో వెతికితే వార్త దొరికింది. తోకచుక్క. తెల్లవారే ముందు మాత్రమే కనిపిస్తుంది, కొన్నాళ్లకి సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది, మనం బతికుండగా మళ్లీ రాదు.

ఉండబట్టలేక మొగుణ్ణి లేపింది.

"ఫోన్లో ఫొటో ఉంది కదా, ఇంకా బాగా కనిపిస్తుంది. అందులో చూసుకో," అన్నాడు అటు తిరిగి.

"మీరూ ఒక్కసారి చూడరాదూ?"

"ఉందని తెలిసింది కదా? తెలిసినదాన్ని మళ్లీ చూడ్డమెందుకు? కాఫీ అయ్యాక లేపు."

అయ్యాక లేపింది. కానీ ఆ రోజునుంచి బక్కెట్టు డాబా మీదికి ఇంకాస్త ముందే ఎక్కడం మొదలుపెట్టింది. ఏ రోజు ఎంత జరిగిందో తెలుసుకోవాలనిపించింది. రోజూ ఒకే వేళకి, ఒకే చోట నుంచి చూడాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. వేళ చెప్పడానికి పాలవ్యాను ఉంది. అది సందు మొదట్లో హారన్ కొట్టగానే చూడాలి. చోటు కోసం అటూ ఇటూ వెతికి, బట్టలుతికే రాయి మీద కూర్చుంది. ఆ రాయి కూడా అత్తగారి తలతిక్కల్లో ఒకటి. కుళాయి ఒక మూల, రాయి ఇంకో మూల. ప్రతి బక్కెట్టూ ఇటు మోసుకురావాల్సిందే. దాని మీద కూర్చుని తలెత్తితే దండెం సరిగ్గా ఆ మేడల సందుకి అడ్డంగా వచ్చింది. తోకచుక్క తీగకి కాస్త పైన నిలిచింది. హారన్ వినపడగానే వెళ్లి దాని కిందుగా తీగకి ఒక క్లిప్పు పెట్టింది. మర్నాడు దానికి ఎడమన ఇంకోటి. ఆ మర్నాడు ఇంకోటి.

క్లిప్పులకీ క్లిప్పులకీ మధ్య దూరం సమానంగా రాలేదు. మొదట దగ్గర దగ్గరగా, రానురాను ఎడం. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ తోకచుక్క పరుగందుకుంటుందని ఫోన్లో చదివింది. ఒక ఉదయం ఆరో క్లిప్పు పెట్టబోతుంటే వేలికి ముల్లు గుచ్చుకుంది. అత్తగారి తీగముల్లు. అబ్బా అని చెయ్యి విదిలించి, ఆ ముల్లుకి ముందున్నదాన్ని చూసింది. దానికి ముందున్నదాన్ని. మళ్లీ రాయి దగ్గరికొచ్చి కూర్చుని మొత్తం దండెం వంక చూసింది.

ముళ్లు కూడా అంతే. మొదట దగ్గర దగ్గరగా, రానురాను ఎడం.

బట్టలు జారకుండా కట్టినవైతే సమానంగా కట్టేది. పిచ్చితో కట్టినవైతే ఎలాపడితే అలా ఉండేవి. ఇవి లెక్కగా ఉన్నాయి. రాయి ఎందుకు కుళాయికి అంత దూరంగా ఉందో ఆమెకి కూర్చున్నచోటే తెలిసింది. ఆ రాయి మధ్యలో చిన్న పల్లం ఉంది. బట్టలు బాదితే పడే చోట కాదు, మనిషి కూర్చునే చోట.

ఇక అప్పటినుంచి డాబా మీద ఆమె ఒక్కతే ఉన్నట్టు అనిపించేది కాదు. బట్టలు పిండుతుంటే అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టుండేది. తీగ దగ్గర చెయ్యెత్తితే వేళ్లు సరిగ్గా ముళ్ల దగ్గరికే వెళ్లేవి. ఇద్దరిదీ ఒకటే ఎత్తన్నమాట. భయం వెయ్యలేదని కాదు, వేసింది. కానీ ఆ భయం దయ్యం భయం కాదు. దయ్యమే అయితే బాగుండును, తను పైన ఉన్నంతసేపూ కింద పాలైనా చూసేది. ఆమె భయం వేరు. ఇదే రాయి మీద, ఇదే వేళకి, ఇంకో ఆడది సరిగ్గా ఇదే పని చేసింది. ఆమెకి ఏమైందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఆ వేళకి లేచేది ఆవిడొక్కతే. నిద్రపోయినవాళ్లంతా కలిసి, మేలుకున్నదానికి పిచ్చి అన్నారు. సాయంత్రం ఎక్కి తెల్లవారుజాము చుక్కని వెతికారు!

ఒకరోజు బక్కెట్టుతో దిగుతుంటే మెట్ల మలుపులో మొగుడు ఎదురయ్యాడు. బాత్రూముకి లేచాడేమో, సగం నిద్రలో ఉన్నాడు. ఆమెని చూసి గోడకి అతుక్కుపోయాడు.

"అమ్మా," అన్నాడు.

మరుక్షణం తేరుకున్నాడు. మొహం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. తల్లికి డాబా తాళం వేసినప్పుడు అతనికి నాలుగేళ్లట. "ఇంక చాలు," అని అరిచాడు. "అచ్చం అలాగే తయారవుతున్నావు. అక్క కూడా అంటోంది, అమ్మకీ ఇలాగే మొదలైందని. మా ఇంట్లో ఈ గొడవ మళ్లీ వద్దు."

"నేనేం చేశానండీ? బట్టలారేసి వస్తున్నాను."

"బట్టలు పగలు ఆరెయ్యి."

"పగలు డ్యూటీకి ఎవరెళ్తారు?"

జవాబు లేనప్పుడు మగాడు అరుపు పెంచుతాడు, పెంచాడు. ఆ సాయంత్రం ఆమె డ్యూటీనుంచి వచ్చేసరికి డాబా తలుపు గొళ్లేనికి పాత తాళం ఒకటి వేలాడుతోంది. వేసి లేదు, ఊరికే తగిలించి ఉంది. తుప్పు తుడిచి నూనె పెట్టారు. భోజనాల దగ్గర మామగారు పళ్లెంలోంచి తలెత్తలేదు.

రేపో ఎల్లుండో తోకచుక్క వెలుగులో కలిసిపోతుందని ఆమెకి తెలుసు. తాళం పడితే ఆ ఒకటి రెండు రోజులు పోతాయి. పోతే పోయింది, చుక్కే కదా అనుకోవచ్చు. అనుకోలేకపోయింది. ఇవాళ తాళం ఒప్పుకుంటే రేపు డాక్టరు. ఎల్లుండి మాత్రలు. ఆ మెట్లు ఎటు దిగుతాయో హాల్లో ఫొటో చెప్తూనే ఉంది.

మర్నాడు లేచి, పాలు స్టవ్ మీద సన్నసెగన పెట్టి, డాబా ఎక్కింది. తాళం ఇంకా వేలాడుతూనే ఉంది. తోకచుక్క బాగా కిందికి దిగిపోయింది. వెలుగు దాన్ని కింద నుంచి తినేస్తోంది. పాలవ్యాను హారన్ కొట్టింది. క్లిప్పు పెట్టడానికి వెళ్తే అత్తగారి ముళ్లు అయిపోయాయి. ఆఖరి ముల్లు దాటాక అటు గోడదాకా తీగ ఖాళీ. ఆవిడకి అక్కడే తాళం పడింది. ఆ ఖాళీ తీగ మీద కోడలు తన క్లిప్పు పెట్టింది.

వెనక మెట్ల మీద ఆయాసం వినపడింది. మామగారు. చేతిలో తాళంచెవి.

"అబ్బాయి వేసెయ్యమన్నాడమ్మా. దిగు," అన్నాడు. అని, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటూ అటు చూశాడు. "ఏదీ?"

చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది చిన్నది," అన్నాడు. "అప్పటిది ఇంతుండేది." చేతులు బార్లా చాపబోయి, సగంలో దించేసుకున్నాడు.

"మీరు చూశారా?"

"ఒక్కరోజు. మీ అత్త వెనకాలే ఎక్కాను. ఎవడికోసం ఎక్కుతోందో చూద్దామని." ఆయన నవ్వబోయాడు, రాలేదు. "ఎవడూ లేడు. అదే ఉంది ఆకాశంలో."

"మరి లేదన్నారుగా?"

"అప్పటికే నలుగురిలోనూ పిచ్చిదని అనేశాను. మళ్లీ నేనే వెళ్లి ఉందని ఎలా చెప్పనూ? ఉందంటే రోజూ ఎక్కదూ? కింద పిల్లాడు ఏడుపు, పాలు పొంగిపోవడం…" కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఇన్నేళ్లూ ముళ్లు పీకనివ్వని మనిషి.

కింద నుంచి మాడు వాసన వచ్చింది. పాలు పొంగాయి. అలవాటు కొద్దీ ఆమె పాదం మెట్టు వైపు కదిలింది. ఆగింది.

"స్టవ్ మీద పాలున్నాయి మావయ్యగారూ. వెళ్లి కట్టెయ్యండి."

"నేనా?"

"మీరే. కట్టేశాక ఆ గట్టు కూడా తుడవండి, ఎండిపోతే రాదు."

ఆమె వెళ్లి గొళ్లేనికున్న తాళం తీసి తడి బట్టల బక్కెట్లో పడేసింది. చెవి కోసం చెయ్యి చాపింది. ఇచ్చేశాడు. ఇచ్చి, ఒక్కొక్క మెట్టూ పట్టుకుని దిగాడు.

ఆమె రాయి మీద కూర్చుని వదినకి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తింది. ఆ వేళకి లేచి ఉండేది వదిన కూడా మరి.

"ఏమైందే? నాన్నకేమైనా…"

"బాగానే ఉన్నారు. పాలు చూస్తున్నారు."

"ఏంటీ?"

"వదినా, మీ అమ్మగారు చెప్పిన చీపురు నిజమేనట. మావయ్యగారు కూడా చూశారట. ఇప్పుడే నాతో అన్నారు."

నవ్వు వస్తుందని ఎదురుచూసింది. ఎప్పుడూ మొదలయ్యే చోట నవ్వు మొదలవలేదు. అటునుంచి నీళ్లు మరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. ఇటు తూర్పు తెల్లబడిపోయింది. తోకచుక్క ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదు. లేదని కాదు, కనిపించడం లేదు.

"చీపురులా ఉండేది కాదే," అంది వదిన. గొంతు ఆవిడది కాదు, ఎవరో చిన్నపిల్లది. "జడలా ఉండేది. దువ్వడానికి విప్పి వదిలేసిన జడలా. అమ్మ నన్ను లేపి, ఆ రాయెక్కించి చూపించింది. నాన్న అడిగితే లేదన్నాను. ఉందంటే నీకూ అవే మాత్రలు వేయిస్తానన్నాడు. మర్నాటినుంచి పాలు నేనే కాచాను."

కోడలు కాస్త పక్కకి జరిగి, రాయి పల్లంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఎవరికీ చెప్పకే," అంది వదిన. ఏడుస్తోంది. "తమ్ముడికి అసలు చెప్పకు. ఇన్నేళ్లూ అమ్మ పిచ్చి చెప్పి వాణ్ణి నవ్వించింది నేనే కదే."

కోడలు లేచింది. బక్కెట్టు ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"ఫోన్ పెట్టకండి వదినా," అంది. "మీ తమ్ముణ్ణి లేపుతున్నాను."